ఎక్స్ కిరణాల ధ్రువణం – బెలూన్ కింద వేలాడే ప్రయోగశాల



వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు పాఠం రాసి పంపమని హాస్టల్ నుంచి కబురు వచ్చింది. మేమిద్దరం ఈ హాస్టల్లోనే ఉండి ఎంపీసీ, ఆ తర్వాత ఫిజిక్సు చదువుకున్నవాళ్లం. ఇంటర్ తమ్ముళ్లకు అర్థం కావాలి, డిగ్రీ వాళ్లకు విసుగు పుట్టకూడదు, అటువంటి విషయం ఏముందా అని వెతుకుతుంటే పాత సంగతి ఒకటి గుర్తుకొచ్చింది.

మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో అప్పుడప్పుడు పేపరు జిల్లా పేజీలో ఒక చిన్న ప్రకటన పడేది. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గరున్న టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం నుంచి పెద్ద బెలూన్లు ఎగరేస్తున్నారు, పరికరాల పెట్టెలు పారాచూట్‌తో పొలాల్లో దిగవచ్చు, ఎవరూ తాకవద్దు, దగ్గరి పోలీసు స్టేషన్లో తెలియజేయండి అని దాని సారాంశం. స్టడీ అవర్లో అది చదివి నవ్వుకున్నామే గాని ఆ పెట్టెలో ఏముంటుందని ఎవరినీ అడగలేదు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో అటువంటిదే ఒకటి పొలంలో దిగితే జనం వింతగా చుట్టూ మూగారట. కాబట్టి నవ్వుకున్నది మేమొక్కళ్లమే కాదన్నమాట.

ఆ బెలూన్లతో చేసే పనులు చాలా ఉన్నాయి. వాతావరణ పరిశోధన ఉంది, కాస్మిక్ కిరణాల పరిశోధన ఉంది. 1968లో హైదరాబాద్ నుంచి ఎగిరిన బెలూన్ ఆకాశంలోని ఎక్స్ కిరణాలను కూడా కొలిచింది. మేము ఇక్కడ చెప్పబోయేది దానికి తర్వాతి మెట్టు, దానికంటే చాలా కష్టమైనది. వచ్చే ఎక్స్ కిరణాలు ఎన్ని అన్నది కాక, అవి ఏ దిక్కుగా ఊగుతూ వస్తున్నాయి అన్నది కొలవడం. ఈ పని బెలూన్ మీద గట్టిగా చేసినవాళ్లు స్వీడన్, అమెరికా, జపాన్ దేశాల శాస్త్రవేత్తలు. వాళ్ల పరికరం ఎలా తయారైందో, ఎందుకలాగే తయారవాల్సి వచ్చిందో చూద్దాం.

ఊగే దిక్కు

మన డాబా మీద బట్టలారేసే తాడు ఉంది కదా. ఒక కొసను గోడకు కట్టి రెండో కొస పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే అల నిలువుగా పోతుంది. పక్కలకు ఆడిస్తే అడ్డంగా పోతుంది. అదే తాడు వరండా ఊచల మధ్యనుంచి పోతే నిలువు అల దాటుతుంది, అడ్డం అల ఆగిపోతుంది. కాంతి కూడా అటువంటి అలే. అందులో ఊగేది విద్యుత్ క్షేత్రం. అలలన్నీ ఒకే దిక్కుకు ఊగితే ఆ కాంతి పూర్తిగా ధ్రువితమైనట్టు. అన్ని దిక్కులా సమానంగా కలగాపులగంగా ఊగితే ధ్రువణం సున్నా. చాలా వరకు వాస్తవం ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, అందుకే ధ్రువణాన్ని శాతంలో చెబుతారు.

కాలిక్యులేటర్ తెర ముందు పోలరాయిడ్ కళ్లద్దం పెట్టి తిప్పితే అంకెలు ఒక చోట మాయమవుతాయి. మన పాఠ్యపుస్తకం ఇంతవరకు చెప్పి ఆగిపోతుంది. ఎక్స్ కిరణాలకు మాత్రం అటువంటి పోలరాయిడ్ లేదు. మరేం చేయాలి?

ఇక్కడ కాంప్టన్ పరిక్షేపణం ఆదుకుంటుంది. ఎక్స్ కిరణ ఫోటాన్ ఒక ఎలక్ట్రాన్‌ను ఢీకొని పక్కకు చెదిరినప్పుడు, తన విద్యుత్ క్షేత్రం ఊగే దిక్కుకు లంబంగా చెదరడానికే ఎక్కువ మొగ్గు చూపుతుంది. ఒక పుల్ల నిలబెట్టి దాని మీదికి ఫోటాన్లను పొడవు వెంట పంపి, పుల్ల చుట్టూ డిటెక్టర్లు కట్టి, ఏ వైపు ఎన్ని చెదిరాయో లెక్కపెట్టడమే మొత్తం పని. ధ్రువణం లేకపోతే చుట్టూ సమానంగా పడతాయి. ధ్రువణం ఉంటే ఎదురెదురుగా రెండు వైపులా ఎక్కువ, మిగతా రెండు వైపులా తక్కువ పడతాయి. చుట్టూ గీత గీస్తే ఒక్క చుట్టులో రెండు గుట్టలు, రెండు లోయలు వస్తాయి. ఈ రెండు గుట్టల మాట గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

ఎంత ఎత్తు, ఎందుకంత ఎత్తు

నేల మీద నిలబడితే ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 1033 గ్రాముల గాలి ఉంటుంది. నక్షత్రాల ఎక్స్ కిరణాలు ఆ గాలిని దాటి రాలేవు. 40 కిలోమీటర్ల ఎత్తుకు పోతే నెత్తి మీద 3 గ్రాములే మిగులుతుంది. ఆ 3 గ్రాములు కూడా తక్కువేమీ కాదు. తిన్నగా నడినెత్తిన ఉన్న నక్షత్రాన్ని తీసుకుని మేము లెక్క వేసి చూశాం. 60 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్లలో వందకు 57 దాటి వస్తాయి. 30 దగ్గర 35, 20 దగ్గర 10 వస్తాయి. 10 దగ్గర కోటికి రెండు మాత్రమే. అంటే బెలూన్ మీద పెట్టే పరికరం కఠిన ఎక్స్ కిరణాలకే పనికొస్తుంది. మెత్తని ఎక్స్ కిరణాలు కావాలంటే రాకెట్టో ఉపగ్రహమో ఉండాలి. క్రాబ్ నెబ్యులా ఎక్స్ కిరణాలు ధ్రువితమైనవని మొదట 1971లో చెప్పింది రాకెట్ ప్రయోగమే. 1975లో ఎగిరిన ఓఎస్ఓ-8 ఉపగ్రహం ఆ ధ్రువణం సుమారు 19 శాతమని రూఢి చేసింది.

బెలూన్ సంగతి ఒక మాట. దీన్ని పుట్టినరోజు బుడగలా ఊహించుకోకండి. సుమారు 20 మైక్రాన్ల మందం గల పాలిథీన్ పొర, కిరాణా కొట్టు సంచీ కంటే పల్చన. నేల మీద దానిలో కొంచెమే వాయువు నింపి వదులుతారు, చాలా భాగం ముడుచుకుని వేలాడుతుంటుంది. పైన పీడనం నేల మీది దానిలో 300వ వంతుకు పడిపోతుంది కనుక అదే వాయువు వందల రెట్లు ఉబ్బి మొత్తం సంచీని నింపేస్తుంది. పూర్తిగా నిండితే పది లక్షల ఘనపు మీటర్లు దాటే బెలూన్లున్నాయి. వాటి కింద టన్నుల బరువున్న పరికరం వేలాడుతుంది.

రాత్రి పడితే వాయువు చల్లబడి కుంచించుకుపోతుంది, బెలూన్ దిగుతుంది. అందుకే రోజుల తరబడి ఎగరాలంటే సూర్యుడు అస్తమించని చోటుకు పోవాలి. వేసవిలో ఉత్తర స్వీడన్‌లోని ఎస్రేంజ్, మన చలికాలంలో అంటార్కిటికాలోని మెక్‌మర్డో. హైదరాబాద్ మీదుగా క్రాబ్ నెబ్యులా నడినెత్తికి 5 డిగ్రీల దూరంలోంచే పోతుంది, గాలి పొర అంత పల్చగా దొరికే చోటు స్వీడన్ వాళ్లకు లేదు. అక్కడ అది 44 డిగ్రీల ఎత్తుకు మించి రాదు. కాని మన దగ్గర ప్రయాణం సాధారణంగా కొన్ని గంటలే. మెక్‌మర్డో దక్షిణ అక్షాంశం 78 డిగ్రీలు. ఉత్తర క్రాంతి 12 డిగ్రీలు దాటిన ఏ నక్షత్రమూ అక్కడ ఉదయించదు. క్రాబ్ క్రాంతి 22 డిగ్రీలు, కనుక అక్కడికి పోతే క్రాబ్‌ను మరచిపోవాల్సిందే. దేన్ని చూడాలన్నదే ఎక్కడి నుంచి ఎగరాలో నిర్ణయిస్తుంది.

పుల్ల, డిటెక్టర్లు, అద్దం

పరికరం గీయడం మొదలుపెడదాం. పుల్ల దేనితో చేయాలి? బరువైన మూలకం పెడితే ఫోటాన్‌ను మింగేస్తుంది, చెదరనివ్వదు. కాబట్టి పరమాణు సంఖ్య తక్కువున్నది కావాలి. ఎక్స్ఎల్-క్యాలిబర్ అనే పరికరంలో బెరీలియం కడ్డీ వాడారు, వ్యాసం 12 మిల్లీమీటర్లు, పొడవు 80 మిల్లీమీటర్లు. మన రాత కలం కంటే కొంచెం లావు, అంతే. చుట్టూ డిటెక్టర్లకు మాత్రం సరిగ్గా వ్యతిరేకం, వచ్చిన ఫోటాన్‌ను మింగేది కావాలి. అందుకని కాడ్మియం జింక్ టెల్యురైడ్ స్ఫటికాలు పెట్టారు.

అంత చిన్న కడ్డీ మీదికి ఫోటాన్లు ఎలా చేరాలి? ఎక్స్ కిరణం అద్దానికి ఎదురుగా తగిలితే దూసుకుపోతుంది. చెరువులో చిల్లపెంకును ఏటవాలుగా విసిరితే నీటి మీద తేలుతూ ఎగిరిపోయినట్టు, చాలా తక్కువ కోణంలో తగిలితేనే పరావర్తనం చెందుతుంది. అందువల్ల ఈ అద్దం పల్లెంలా ఉండదు, ఒకదానిలో ఒకటి దూర్చిన పల్చటి గొట్టాలలా ఉంటుంది, నాభ్యంతరం చాలా పొడుగు. ఎక్స్ఎల్-క్యాలిబర్‌లో అది 12 మీటర్లు. అంటే బెలూన్ కింద 12 మీటర్ల పొడుగు చట్రం, ఒక కొసన అద్దం, రెండో కొసన కడ్డీ. గాలిలో వేలాడుతూ ఊగే ఆ చట్రం ఆకాశంలో ఒక బిందువు వైపే గురిపెట్టి ఉండాలి. చట్రం స్వంత బరువుకు వంగినా ఎక్స్ కిరణాల చుక్క కడ్డీ మీదినుంచి జారకూడదు. చట్రం ఎంత వంగిందో ఎప్పటికప్పుడు తెలియడానికి అద్దం దగ్గర వెనక్కి చూసే కెమెరా కూడా పెట్టారు.

స్వీడన్ వాళ్ల పోగో+ పరికరం వేరే దారి పట్టింది. అద్దమే లేదు. 61 ప్లాస్టిక్ సింటిలేటర్ కడ్డీలను తేనెపట్టులా పేర్చి, ముందు రాగి గొట్టాలు పెట్టి, ఒక కడ్డీలో చెదిరిన ఫోటాన్ పక్క కడ్డీలో దొరికితే ఆ జంటను లెక్కపెట్టారు. వైశాల్యం ఎక్కువ వస్తుంది, రొద కూడా ఎక్కువే వస్తుంది. రొద అంటే కాస్మిక్ కిరణాలు, వాతావరణంలో పుట్టే న్యూట్రాన్లు వగైరా, నక్షత్రానికి సంబంధం లేని తాకిళ్లు. న్యూట్రాన్లను ఆపడానికి చుట్టూ మందపాటి పాలిథీన్ కట్టారు. పైన సంచీ పాలిథీన్, కింద కవచమూ పాలిథీన్. మాకు ఇది సరదాగా అనిపించింది.

పరికరం చెప్పే అబద్ధాలు

ఇప్పుడు అసలు చిక్కు. మన మెస్‌లో కూరగాయలు తూచే తక్కెడలో పాసంగం ఉంటే ఏం చేస్తాం? పళ్లేలు మార్చి మళ్లీ తూస్తాం. ఇక్కడా అంతే. కడ్డీకి ఒక వైపున్న డిటెక్టర్ కొంచెం చురుకైనది, ఎదురుది కొంచెం మందకొడిది అయితే, ఆకాశంలో ధ్రువణం లేకపోయినా పరికరం ఉందని చెబుతుంది. అందువల్ల కడ్డీ, డిటెక్టర్లు కలిసి మొత్తం పెట్టెను చూపు రేఖ చుట్టూ ఆపకుండా తిప్పుతూనే ఉంటారు. అప్పుడు ప్రతి డిటెక్టరూ ఆకాశంలోని ప్రతి దిక్కునూ చూస్తుంది. పెట్టెతో పాటు తిరిగేది పరికరం లోపం, ఆకాశంతో నిలబడిపోయేది నిజం.

చుక్క కడ్డీ నడిమధ్యన పడకపోతే ఇంకో అబద్ధం పుడుతుంది. చుక్క జరిగిన వైపు ఎక్కువ తాకిళ్లు, అవతల తక్కువ. కాని అది ముఖ్యంగా ఒక చుట్టుకు ఒకటే గుట్ట. ధ్రువణానిది రెండు గుట్టలు. అందుకే గుర్తుపెట్టుకోమన్నాం.

మూడో అబద్ధం అన్నిటికంటే మొండిది, ఏ ఇంజనీరూ దాన్ని విప్పి బాగుచేయలేడు. ధ్రువణం శాతం ఎప్పుడూ సున్నా కంటే ఎక్కువే వస్తుంది, ఋణసంఖ్య రాదు. ఫోటాన్లు తక్కువైతే యాదృచ్ఛికంగా కొన్ని వైపులు ఎక్కువ పడి దొంగ గుట్టలు లేస్తాయి. ఉదాహరణకు 20 శాతం ధ్రువణం ఉన్న కిరణాలు వచ్చాయనుకోండి. నూరు శాతం ధ్రువితమైన కాంతికి పరికరం చూపే ఎగుడుదిగుడును దాని పదును అందాం, అది 0.5 అనుకుందాం. అప్పుడు కనిపించేది 10 శాతం ఎగుడుదిగుడే. ఒక్కో గదిలో సగటున 100 తాకిళ్లుంటే గుట్ట మీద 110, లోయలో 90. కాని 100 తాకిళ్లలో సహజంగా ఉండే అనిశ్చితే 10! నిజమూ రొదా ఒకే ఎత్తున ఉన్నాయి.

దీనికి పరిశోధకులు వాడే సూత్రం ఉంది. నక్షత్రపు తాకిళ్లూ రొద తాకిళ్లూ కలిపి, కాలంతో భాగించి, వర్గమూలం తీసి, 4.29తో హెచ్చించి, పదునుతోనూ నక్షత్రపు తాకిళ్లతోనూ భాగించాలి. తాకిళ్లు సెకనుకు ఎన్నో, కాలం ఎన్ని సెకన్లో వేసుకోవాలి. వచ్చిన దానికంటే తక్కువ ధ్రువణాన్ని 99 శాతం నమ్మకంతో చెప్పలేం. మా స్వంత అంకెలు వేసి చూడండి. సెకనుకు నక్షత్రం నుంచి 1, రొద 1, పదును 0.5, ఆరు గంటల పరిశీలన. జవాబు 8 శాతం దాటుతుంది. రొద సెకనుకు 10 అయితే 19 శాతం. అంటే క్రాబ్ కూడా చేతికందీ అందనట్టే. దీన్ని సగానికి తగ్గించాలంటే నాలుగు రెట్ల కాలం ఎగరాలి. ఇన్ని తంటాలూ ఆ గంటల కోసమే.

ఎగిరినవి, పడినవి

స్వీడన్ బృందం మొదటి పరికరం, పోగోలైట్, 2011 జూలైలో ఎగిరింది. బెలూన్ కారడంతో కొన్ని గంటల్లోనే దించేయాల్సి వచ్చింది. 2013లో మళ్లీ ఎగిరింది. విద్యుత్ సరఫరాలో ఇబ్బంది వచ్చి మొదటి కొద్ది రోజుల పరిశీలనే దక్కింది. దాన్ని మార్చి పోగో+గా 2016 జూలైలో ఎగరేశారు. స్వీడన్ నుంచి పడమరగా గాలి మోసుకుపోతే వారం తర్వాత కెనడాలో దిగింది. క్రాబ్ ధ్రువణం 20.9 శాతం, అనిశ్చితి 5 శాతం. అంటే 1975 నాటి ఉపగ్రహం మెత్తని ఎక్స్ కిరణాల్లో చూపిన దానికి దగ్గరగానే ఉంది. అయస్కాంత క్షేత్రం పూర్తిగా క్రమంగా ఉంటే ఈ సంఖ్య 70 శాతం దాటాలి. 20 వచ్చిందంటే అక్కడ క్షేత్రం కొంత చిక్కుపడి ఉన్నదని అర్థం.

అదే ప్రయాణంలో సిగ్నస్ ఎక్స్-1 అనే కృష్ణబిలాన్ని కూడా చూశారు. అక్కడ ధ్రువణం ఉన్నదని చెప్పలేకపోయారు, 8.6 శాతానికి మించి లేదని మాత్రమే చెప్పారు. మా దృష్టిలో ఇది క్రాబ్ ఫలితం కంటే గొప్పది. కృష్ణబిలానికి అతి దగ్గరగా ఒక చిన్న దీపంలాంటి వేడి ముద్ద ఉందనే ఊహ నిజమైతే ధ్రువణం ఇంకా ఎక్కువ కనిపించాలి. కనపడలేదు కనుక ఆ వేడి భాగం విస్తరించి ఉండాలని తేల్చారు.

అమెరికా బృందపు ఎక్స్-క్యాలిబర్ 2018 డిసెంబరు 29న మెక్‌మర్డోలో లేచింది. వారాల తరబడి ఎగురుతుందనుకున్నది బెలూన్ కారి సుమారు మూడు రోజుల్లో దిగిపోయింది. ఉన్న కొద్ది గంటల్లో జీఎక్స్ 301-2 అనే న్యూట్రాన్ నక్షత్రాన్ని చూశారు. ఏళ్ల శ్రమ, ఖండాలు దాటిన ప్రయాణం, చివరికి చేతికొచ్చిన సంఖ్య సున్నాను కూడా తోసిపుచ్చలేనంత అనిశ్చితితో ఉంది. ఉన్నదున్నట్టు అలాగే ప్రచురించారు.

ఇది చదివినప్పుడు మాకు మా ప్రాక్టికల్ రికార్డు గుర్తొచ్చింది. లఘులోలకంతో గురుత్వ త్వరణం కనుక్కునే ప్రయోగంలో మాకు 1012 వచ్చేది, 940 వచ్చేది. రాత్రి స్టడీ అవర్లో కూర్చుని 980 వచ్చేలా వెనకనుంచి రీడింగులు వేసుకునేవాళ్లం. అందరి రికార్డులోనూ 980. మార్కులు నిండుగా పడ్డాయి. దారం పొడవును బంతి మధ్యవరకు కాక కొక్కెం వరకు కొలుస్తున్నామని, అందుకే తేడా వస్తున్నదని పీజీలో చేరాక గాని తెలియలేదు. ఆ 940ని చెరిపేయకుండా ఉంటే ఆ రోజే తెలిసేది. తప్పు మాదే, ఇంకెవరిదీ కాదు.

తర్వాతి సంగతి త్వరగా చెబుతాం. చట్రం 12 మీటర్లకు పెంచి, జపాన్ అద్దంతో తయారైన ఎక్స్ఎల్-క్యాలిబర్ 2022 జూలైలో స్వీడన్ నుంచి ఎగిరినప్పుడు గురిపెట్టడంలో ఇబ్బంది వచ్చి అనుకున్న పరిశీలనలు కుదరలేదు. 2024 జూలైలో మళ్లీ ఎగిరింది. ఈసారి క్రాబ్ ధ్రువణం సుమారు 25 శాతం, అనిశ్చితి 3 శాతం. 5 నుంచి 3కు తగ్గించడానికి ఎనిమిదేళ్లు. ఈలోగా మెత్తని ఎక్స్ కిరణాల కోసం అమెరికా, ఇటలీల ఐఎక్స్‌పీఈ ఉపగ్రహం 2021 డిసెంబరులో పోయింది. మన శ్రీహరికోట నుంచి 2024 జనవరి 1న పీఎస్ఎల్వీ-సీ58 మోసుకెళ్లిన ఎక్స్‌పోశాట్‌లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థ తయారుచేసిన పోలిక్స్ ఉంది. అందులోనూ బెరీలియమే, చుట్టూ డిటెక్టర్లే. పరికరం ఆకాశంలో తిరుగుతూనే కొలిచేలా దాన్ని రూపొందించారు. 8 నుంచి 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వరకు దాని పని.

మీరు చేయవలసిన ప్రయోగం

ఖర్చేమీ లేదు. ఒక రూపాయి బిళ్ల, ఒక లూడో డైస్ చాలు. రెండూ కలిపి వేయండి. బొమ్మ పడితే డైస్ మీది అంకె, బొరుసు పడితే ఆ అంకెకు 6 కలిపింది మీ గది సంఖ్య. ఇలా 1 నుంచి 12 వరకు గదులు, ఒక్కోటి 30 డిగ్రీలు, మధ్య కోణాలు 15, 45, 75 అలా 345 దాకా. వందసార్లు వేసి ఏ గదిలో ఎన్ని పడ్డాయో రాయండి. ప్రతి గదిలో పడ్డ లెక్కను ఆ గది కోణానికి రెట్టింపు కోణపు కొసైన్‌తో హెచ్చించి అన్నీ కూడండి. సైన్‌తోనూ అలాగే చేయండి. ఆ రెండు మొత్తాల వర్గాలు కూడి, వర్గమూలం తీసి, రెండుతో హెచ్చించి, వందతో భాగించండి.

డైస్‌కు ధ్రువణం లేదు. అయినా సగటున 0.18 దగ్గర వస్తుంది. పదును 0.5 ఉన్న పరికరమైతే దాన్ని 35 శాతం ధ్రువణమని చదివేది, క్రాబ్ కంటే ఎక్కువ! వెయ్యిసార్లు వేస్తే 0.06 దగ్గరకు దిగుతుంది. వెయ్యి అంటే ఒక్కరి వల్ల కాదు, గదికి పది మంది వంద చొప్పున పంచుకుని ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. ఎవరికి ఎంత వచ్చిందో, 0.02 వచ్చినా 0.40 వచ్చినా, అంకె దిద్దకుండా పేర్లతో సహా ఒక కాగితం మీద రాసి వార్డెన్ గారి దగ్గర ఉంచండి. సంక్రాంతి సెలవులకు మేము ఊరికి వచ్చినప్పుడు తీసుకుంటాం. వచ్చే సంవత్సరం సంచికలో ఆ పట్టికను మీ పేర్లతోనే వేద్దాం.